ఇల్లు కొనేటప్పుడు చూడవలసినవి, చూడనక్కరలేనివి

(మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)

 

కిందటి సమావేశంలో మీరంతా చేతులెత్తి ఆమోదించిన తీర్మానం మీకు గుర్తుండే ఉంటుంది. పల్లెల నుంచి గుంటూరు వచ్చి ఇంటర్మీడియట్, డిగ్రీ చదువుకునే మన ఆడపిల్లలకు అద్దె గదుల బాధ లేకుండా సొంత హాస్టల్ ఉండాలన్నది ఆ తీర్మానం. దానికోసం మీరు బిల్డింగ్ ఫండ్‌కు ఇచ్చిన సొమ్ము బ్యాంకులో ఉంది. ఇది జకాత్ సొమ్ము కాదు. జకాత్ ఖాతా వేరు, దాన్ని తెచ్చి ఇటుకల మీద పెట్టడం లేదు. ఇది మీరు విడిగా లిల్లాహ్ ఇచ్చింది. కమిటీవాళ్లు ఆరు నెలల్లో పదకొండు ఇళ్లు చూశారు. రెండు మిగిలాయి. ఆ రెండింటినీ పరిశీలించి రిపోర్టు ఇమ్మని నన్ను అడిగారు, ఇచ్చాను. నేను బాగుందన్న ఇల్లు చూసి వచ్చిన కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. "ఈ పాడుబడ్డ కొంపకా మేం చందాలిచ్చింది?" అని ఒక పెద్దాయన ఫోనులోనే అడిగారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. జవాబు అందరి ముందూ చెబితే బాగుంటుందని కార్యదర్శి గారు అన్నారు. మీలో చాలామంది రేపో మాపో కొడుక్కో కూతురికో ఇల్లు చూసేవారే కాబట్టి, హాస్టల్ సంగతి అలా ఉంచినా, ఈ నాలుగు మాటలు మీకు పనికిరావచ్చు.

మొదటి ఇల్లు కొత్త కాలనీలో ఉంది. కట్టి తొమ్మిదేళ్లు. గ్రానైట్ మెట్లు, స్టీలు రెయిలింగు, హాల్లో ఫాల్స్ సీలింగు, అందులో వరుసగా లైట్లు, గోడలకు పుట్టీ పెట్టి లేత రంగు. లోపలికి అడుగుపెట్టగానే ఎవరైనా "మాషా అల్లాహ్" అనాల్సిందే. 62 లక్షలు చెబుతున్నారు. రెండోది పాత గుంటూరులో ఒక సందులో ఉంది. 1979లో కట్టారు. గేటు ఒక పక్కకు ఒరిగింది. ముందు గోడకు వేసిన ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. వంటగది నిండా కట్టెల పొయ్యి నాటి మసి. కిటికీ రెక్కలు రెండు లేవు. నేల పాత రెడ్ ఆక్సైడ్ గచ్చు, అక్కడక్కడా పగిలింది. వైరింగు చెక్క పట్టీల మీద పోయింది. మరుగుదొడ్డి పెరట్లో ఉంది. అన్నిటికన్నా మించి, హాలు పైకప్పు మీద దుప్పటంత మరక. దీనికి 48 లక్షలు.

నేను మొగ్గు చూపింది ఈ రెండో ఇంటి వైపు.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మన కళ్లు ముందు రంగు మీద పడతాయి. తర్వాత నేల, తర్వాత బాత్‌రూము టైల్స్. ఈ మూడూ మేస్త్రీని పిలిచి, రేటు మాట్లాడి, నెల రోజుల్లో మార్చుకోగలిగినవి. ఎంత ఖర్చవుతుందో ముందే కాగితం మీద రాసుకోవచ్చు. ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగొచ్చు కూడా. ఖర్చు ముందుగా చెప్పలేని లోపాలు వేరే ఉంటాయి. అవి పునాదిలోను, స్లాబులోని ఇనుములోను, నీళ్లు పారే దారిలోను, దస్తావేజుల్లోను ఉంటాయి. నేను ఏ ఇంటికి వెళ్లినా మొదటి అరగంట రంగు వైపు చూడను. టార్చిలైటు, తూకంగుండు, ఒక చేతికర్ర, జేబులో ఒక గోళీ, ఇవే నా సామాను.

పైకప్పు మరక దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ భయపడింది దానికే. స్లాబులో ఇనుప చువ్వలుంటాయి. చుట్టూ ఉన్న కాంక్రీటుకు క్షారగుణం ఉంటుంది, అది చువ్వను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. చువ్వ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. మేస్త్రీలు దాన్ని కవరింగ్ అంటారు. ఏళ్ల తరబడి నీళ్లు దిగితేనో, కవరింగ్ సరిగా పెట్టకపోతేనో చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడిపడుతుంది. కాబట్టి మరకలో చూడవలసింది దాని సైజు కాదు, దాని రంగు, దాని శబ్దం. చువ్వల వరసలోనే ఎర్రటి గీతలు కనిపిస్తే, కర్రతో తడితే డొల్ల శబ్దం వస్తే, అది నిజమైన జబ్బు. టీ ఒలికినట్టు పలచగా, అంచుల్లో గోధుమ రంగుగా ఉండి, తడితే గట్టిగా మోగితే, పైనుంచి నీళ్లు దిగి ఆరిపోయాయని అర్థం.

పాత గుంటూరు ఇంటి మరక ఈ రెండో రకం. డాబా ఎక్కి చూస్తే కారణం అక్కడే ఉంది. ట్యాంకు నిండాక నీళ్లు బయటికి పోయే పైపు విరిగి, ఆ నీళ్లన్నీ సరిగ్గా హాలు మీద పడుతున్నాయి. పైపు మార్పించి, ఆ చోట చుట్టూ మట్టి కట్ట వేయించి, నీళ్లు నింపి 24 గంటలు ఉంచాం. కింద కొత్త తడి రాలేదు. కర్రతో హాలంతా తట్టి చూశాను, ఒక మూరెడు చోట మాత్రం ప్లాస్టరింగ్ వదులుగా ఉంది. స్లాబు గట్టిగా ఉంది.

ఇక కొత్త ఇంటి హాల్లో మరకే లేదు. ఫాల్స్ సీలింగ్ కింద మరక ఎలా కనిపిస్తుంది? ఆ హాలు పైన పై అంతస్తు బాత్‌రూము ఉంది. అది తెలిశాక నాకు అనుమానం వచ్చింది. ఇంటివాళ్ల అనుమతితోనే ఒక లైటు ఊడదీయించి, ఆ రంధ్రంలోంచి ఫోను పైకి పెట్టి ఫొటో తీశాం. మూడు చువ్వలు బయటపడి ఉన్నాయి, ఎర్రగా. ఊడిన సిమెంటు పెచ్చులు సీలింగు పలకల మీదే పడి ఉన్నాయి. ఆ ఫొటో రిపోర్టుకు జతచేశాను, ఎవరైనా చూడవచ్చు. ఫాల్స్ సీలింగు వేసినవాళ్లంతా ఏదో దాస్తున్నారని నేననను. మా అబ్బాయి ఇంట్లోనూ ఉంది. కాని కొనే ముందు ఒక లైటు ఊడదీసి చూడనిస్తారా అని అడగండి. చూడనివ్వనంటే అదే మీకు సమాధానం.

పగుళ్ల సంగతి. గోడ మీద సాలెగూడులా సన్నని వెంట్రుక పగుళ్లు కనిపిస్తే జనం హడలిపోతారు. అవి చాలావరకు ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చినవి, వాటివల్ల ఇంటికేమీ కాదు. భయపడవలసింది కిటికీ మూల నుంచో గుమ్మం మూల నుంచో ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయే పగులుకు. గోడకు అటువైపు వెళ్లి చూడండి. అదే పగులు అక్కడా ఉంటే అది ప్లాస్టరింగ్‌లో ఆగలేదు, ఇటుకలోంచి పోయింది.

మన గుంటూరు జిల్లాలో దీనికి పెద్ద కారణం నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పత్తికి, మిరపకు బంగారంలాంటి నేల. ఇంటికి మాత్రం కాదు. ఈ నేలలో లోతు తక్కువ పునాది వేస్తే ఇల్లు ఏటా కొంచెం లేచి కొంచెం దిగుతుంది. అందుకే ఇలాంటి నేలల కోసం కింది కొస ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ అనే పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వృద్ధి చేసింది. వాటిని నేల కదలికలు లేని లోతుదాకా, సాధారణంగా మూడున్నర మీటర్లు దించుతారు. కొత్త ఇల్లు చూసేటప్పుడు పునాది ఏ రకం, ఎంత లోతు అని అడగండి. "కాలమ్స్ వేశాం సార్" అంటారు. కాలమ్ ఎంత లావున్నా అది నిలబడ్డ నేల కదిలితే కాలమ్ కూడా కదులుతుంది.

పాత ఇంటివాళ్లు గోడ పక్కన గొయ్యి తవ్వుకోనిచ్చారు. పునాది నల్లమట్టి దాటి కింది గ్రావెల్ నేల మీద కూర్చుంది. గోడలు పదమూడున్నర అంగుళాలు. తూకంగుండు వేలాడదీస్తే నలభై ఏళ్లు దాటిన ఆ గోడ నిలువుగా ఉంది. వెనక గదిలో ఒక ఏటవాలు పగులు ఉన్న మాట నిజమే. దాని మీద మార్చి నెలలో రెండు చోట్ల సన్నని గాజు పట్టీలు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించాం. పగులు కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది. రూపాయి ఖర్చులేని పరీక్ష. రోహిణి కార్తె ఎండలు దాటినా రెండూ విరగలేదు. వానలు బాగా పడి నేల నానిన తర్వాత మరోసారి చూడాలి, అది ఇంకా మిగిలే ఉంది.

కొత్త ఇంటి వెనక గదిలో కిటికీ మూలల్లో పుట్టీతో పూడ్చిన గీతలున్నాయి. పక్కనుంచి టార్చి వేస్తే తెలుస్తుంది, ఎదురుగా నిలబడితే తెలియదు. నేల మీద గోళీ పెడితే అది ఎవరూ పిలవకుండానే ఈశాన్యం మూలకు వెళ్లిపోయింది. ఈశాన్యం పల్లంగా ఉండాలని వాస్తువాళ్లు అంటారు గాని ఇంత పల్లం వాళ్లూ కోరుకోరు. ఒక గోడకు మాత్రం తాజా రంగు వాసన వస్తోంది, మిగతా మూడింటికీ రాలేదు. ఆ గోడ అవతల బాత్‌రూము.

ఆ ఇంటి గురించి అసలు సంగతి నాకు దొరకలేదు, మా ఇంటావిడకు దొరికింది. నేను గోడలు తడుతుంటే ఆమె పై అంతస్తులో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూసింది, తర్వాత పక్కింటి ఆవిడతో మాట్లాడింది. లేఅవుటు వేయకముందు అక్కడ కుంట ఉండేదని, పెద్ద వాన పడితే వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయని, కింది గదుల్లోకి వస్తే సామాను మంచాల మీద పెట్టుకుంటారని ఆవిడ చెప్పింది. అందుకే ఇల్లు చూడ్డానికి ఆడవాళ్లను తప్పకుండా తీసుకెళ్లండి. వంటగదిలో పొగ ఎటు పోతుంది, బట్టలు ఎక్కడ ఆరేయాలి, మున్సిపాలిటీ నీళ్లు ఎన్నింటికి వస్తాయి అని మగవాళ్లం అడగం. వీలైతే వాన కురిసిన మర్నాడు వెళ్లండి. ఎండాకాలం మధ్యాహ్నం ఇల్లు చూపించే బ్రోకర్‌కు తన పని బాగా తెలుసు.

చిన్నగా కనిపించి చిన్నవి కానివి కూడా ఒకటి రెండు చెప్పాలి. పాత ఇంటి పిట్టగోడలో జానెడు రావిమొక్క మొలిచింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాని వేరు గోడలోకి దిగిందంటే ఇటుకలను విడదీస్తుంది. పైన కోసేస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా తీయించాలి. అలాగే గోడ అడుగున రెండు మూడడుగుల ఎత్తుదాకా తెల్లని పొడి రాలుతుంటే అది సున్నం కాదు, నేలలోని చెమ్మతోపాటు పైకెక్కిన ఉప్పు. నెమ్మెక్కిన గోడకు కొందరు నాలుగడుగుల ఎత్తున టైల్స్ అతికించేస్తారు. చెమ్మ బయటికి పోయే దారి లేక ఇంకా పైకెక్కి, ఏడాదికి టైల్స్ పైన కనిపిస్తుంది. పడకగదిలో గోడకు సగం దాకా టైల్స్ ఉంటే ఎందుకని అడగండి.

వైరింగు మాత్రం అందచందాల విషయం కాదు. చెక్క పట్టీల వైరింగు పూర్తిగా తీసి, ఎర్త్‌తో సహా కొత్తది వేయాల్సిందే. పిల్లలుండే చోటు. కాని దాని ఖర్చు ఎలక్ట్రీషియన్ పాయింట్లు లెక్కపెట్టి చెప్పేస్తాడు. నేను వేసిన అంచనా ప్రకారం వైరింగు, కిటికీలు, వెల్ల, డాబా మీద నీరు దిగకుండా పూత, గచ్చు బాగుచేయడం అన్నీ కలిపి 5 లక్షలు. హాస్టల్ కోసం కొత్తగా నాలుగు బాత్‌రూములకు మరో 4 లక్షలు. 48కి 9 కలిపితే 57. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిసి నూటికి 7.5, అంటే 3 లక్షల 60 వేలు. మొత్తం 60 లక్షల 60 వేలు. కొత్త ఇల్లు రిజిస్ట్రేషన్‌తో కలిపి 66 లక్షల 65 వేలవుతుంది. దాని స్లాబు, పునాది బాగుచేయడానికి ఎంతవుతుందో నేను అంకె రాయలేకపోయాను. పగలగొట్టి చూస్తే తప్ప ఏ ఇంజినీరూ రాయలేడు. పైగా ప్లాను గ్రౌండు, ఫస్టు ఫ్లోర్లకే ఉంది, పైన ఇంకో అంతస్తు ప్లాను లేకుండా లేపారు.

మన యువకులు కువైట్‌లోనో, సౌదీలోనో, ఖతార్‌లోనో ఉండి, ఇక్కడి బావమరిది వాట్సాప్‌లో పంపిన వీడియో చూసి ఇల్లు ఖాయం చేసుకుంటున్నారు. పదేళ్ల కష్టం అది. వడ్డీ వద్దనుకుని బ్యాంకు లోనుకు పోకుండా రూపాయి రూపాయి కూడబెట్టి, చివరికి భార్య నగలు కూడా కలిపి కొంటారు. వీడియోలో గ్రానైట్ మెరుస్తుంది. నెమ్ము వాసన రాదు, డొల్ల శబ్దం వినపడదు. అలాంటి వీడియో వస్తే డాబా పైభాగం, బాత్‌రూముల కింద ఉండే గదుల పైకప్పులు, ఇంటి వెనక గోడ అడుగుభాగం, ఈ మూడూ తీసి పంపమనండి. కొత్త అపార్టుమెంటు కొనేవారికి ఒక రక్షణ ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లోగా బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. పాత ఇల్లు కొనేవారికి ఆ వెసులుబాటు లేదు, కళ్లే ఆధారం.

ఇంకో విచిత్రం. పాత ఇల్లు దక్షిణ ముఖం. చాలామంది అందుకే కొనలేదని బ్రోకరే చెప్పాడు. ధర తగ్గడానికి అదీ ఒక కారణం. మనకు ఆ పట్టింపు లేదని అందరం అంటాం గాని, కమిటీలో ఇద్దరు "రేపు అమ్మాల్సివస్తే ఎలా?" అని గొణిగారు. హాస్టల్ అమ్మడానికి కొంటున్నామా? ఉత్తరం కిటికీల్లోంచి వెలుతురు బాగా వస్తోంది, చదువుకునే పిల్లలకు అది చాలు.

అమ్మేవారి బాధ్యత గురించి ఒక మాట చెప్పి దస్తావేజుల్లోకి వెళ్తాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలి. మన దీన్‌లో ఈ మాట అంతకు ఎంతో ముందే ఉంది. మదీనా బజారులో ధాన్యపు రాశిలో ప్రవక్త ముహమ్మద్ (స) వారు చెయ్యి పెట్టినప్పుడు లోపల తడి తగిలిన సంఘటన మీకందరికీ తెలుసు. వానకు తడిసిందని ఆ వ్యాపారి చెబితే, తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. ఫాల్స్ సీలింగు ఫొటో చూసినప్పుడు నాకు ఆ రాశే గుర్తొచ్చింది. పాత ఇంటి అన్నదమ్ములు మాత్రం పైకప్పు మరకను మమ్మల్ని పిలిచి మరీ చూపించారు. పైపు విరిగి రెండేళ్లయిందని వాళ్లే చెప్పారు.

కాని ఆ ఇంట్లో పెద్ద పగులు గోడలో లేదు, దస్తావేజులో ఉంది.

ఆ ఇల్లు వాళ్ల తండ్రి గారిది. స్థలం 1978లో ఆయన పేర రిజిస్టరైంది. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే దొరుకుతుంది కనుక, అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించి తీయించాం. తాకట్టులు లేవు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేదు. వక్ఫ్ గెజిట్‌లోనూ చూశాం, లేదు. ఇది అందరూ చూసుకోవాలి. పాత బస్తీల్లో, దర్గాల, మసీదుల, ఈద్గాల చుట్టుపక్కల ఇల్లు చవగ్గా వస్తోందంటే ముందు వక్ఫ్ జాబితా చూడండి. ఒకసారి వక్ఫ్ అయిన ఆస్తి ఎప్పటికీ వక్ఫేనని 1998లో మన రాష్ట్ర వక్ఫ్ బోర్డు కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములపై 1977 నాటి నిషేధ చట్టం వేరే ఉంది. జీపీఏ మీద, నోటరీ కాగితం మీద ఇల్లు కొనడమూ అంతే, వాటివల్ల హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా ఎక్కడొచ్చిందంటే, అన్నదమ్ములు రాయించి తెచ్చిన డ్రాఫ్టులో అమ్మేవారుగా వాళ్లిద్దరి పేర్లే ఉన్నాయి. తల్లి బ్రతికే ఉన్నారు. ఒక చెల్లెలు ఉంది, హోస్పేటలో అత్తవారింట్లో. తండ్రి వీలునామా గాని, హిబా గాని ఏమీ చేయలేదు. తాత, నాయనమ్మ ఆయనకంటే ముందే పోయారు. షరీఅత్ ప్రకారం ఆ ఇంటిని 40 వంతులు చేస్తే తల్లికి ఎనిమిదో భాగం, అంటే 5 వంతులు. మిగిలిన 35లో కొడుకులకు చెరి 14, కూతురికి 7. అన్నదమ్ములకు అమ్మే హక్కున్నది 28 వంతులే. మిగతా 12 వంతులు వాళ్లవి కావు. రూపాయల్లో చెబితే 48 లక్షల్లో తల్లిది 6 లక్షలు, చెల్లెలిది 8 లక్షల 40 వేలు. మన చట్టంలో వారసులు ఎవరి వాటాకు వారే యజమానులు. ఒకరు ఇంకొకరి వాటా అమ్మితే ఆ అమ్మకం ఆ వాటాకు చెల్లదు.

పెద్దబ్బాయిని అడిగితే "చెల్లెలికి పెళ్లిలో బాగా పెట్టాం కదా చాచా, ఆమె ఏమీ అడగదు" అన్నాడు. మంచివాడే, అబద్ధమాడే మనిషి కాదు. మరకను చూపించినవాడే. ఇది మాత్రం అతనికి లోపంగా తోచలేదు, ఎందుకంటే వాళ్ల వీధిలో అందరూ ఇలాగే చేస్తున్నారు. మన వీధుల్లోనూ అంతే. పెళ్లిలో పెట్టింది తండ్రి బ్రతికుండగా ఇచ్చిన కానుక, అది వాటా కిందికి రాదు. ఆమె అడగదు అన్నది వేరు, ఆమె ఇష్టపడి వదులుకుంది అన్నది వేరు. రెండో మాటకు రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు కావాలి, అదీ ఆమె వాటా ఎంతో ఆమెకు తెలిశాక. ఆడపిల్లల చదువు కోసం మనం కొనే ఇంట్లో ఒక ఆడపిల్ల వాటా ఆమెకు చెప్పకుండా కలిసిపోతే, ఆ ఇంటికి మీ చందా సొమ్ము ఇవ్వమని నేను సంతకం పెట్టలేను. కోర్టు భయం సంగతి తర్వాత. పదేళ్ల తర్వాత ఆమె పిల్లలు నోటీసు పంపితే హాస్టల్‌లో ఉన్న పిల్లలను ఎక్కడ పెడతాం?

అందుకని రిపోర్టు చివరి పేజీలో ఇలా రాశాను: తల్లి, కూతురు ఇద్దరూ అమ్మకందారులుగా సేల్ డీడ్‌లో చేరాలి, ఎవరి వాటా డబ్బు వాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఆమె గుంటూరు రాలేకపోతే రిజిస్టరైన పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి, అప్పటిదాకా ఒక్క రూపాయి అడ్వాన్సు వద్దు. పెద్దబ్బాయికి మొదట కోపం వచ్చింది. నాలుగు రోజుల తర్వాత అతనే ఫోను చేసి చెల్లెలి అడ్రసు చెప్పాడు. తమ్ముడు ఇంకా మాట్లాడటం లేదు. వచ్చే ఆదివారం కార్యదర్శి గారు, ఖాజీ సాబ్, మా ఇంటావిడ, నేను రైలెక్కి హోస్పేట వెళ్తున్నాం. లెక్క మొత్తం ఆమె ముందు పెడతాం. అమ్మనంటే ఆమె ఇష్టం, కమిటీ మళ్లీ ఇళ్లు చూడటం మొదలుపెడుతుంది. సరేనంటే, వానలు పడ్డాక గాజు పట్టీలు మరోసారి చూసి, కమిటీ ముందు కాగితాలు పెడతాను. రిపోర్టు నకళ్లు, ఫొటోలు బయట బల్ల మీద ఉన్నాయి. ఇప్పుడు మీరు అడగదలచుకున్నవి అడగండి.